బ్యాడ్ స్మెల్ అంటే ఏ వాసన?

ముందే చెప్తున్నా, నాది ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం. తెలుగులో చివరిసారి ఇంత పొడుగ్గా రాసింది టెన్త్ పబ్లిక్ పరీక్షలో. క్లబ్‌లో సీనియర్ అన్న ఒకరు "ఈసారి సంచికకి ఏదైనా రాయి, మీ ఇంటి గురించైనా సరే" అన్నారు. సరే అన్నాను. తప్పులుంటే సర్దుకోండి. నేను రాసేది మా అమ్మ ముక్కు గురించి.

మాది ఎల్లారెడ్డిపేట. సిరిసిల్ల నుంచి కామారెడ్డి పోయే దారిలో వస్తుంది. సిరిసిల్ల అనగానే అందరికీ మగ్గాలు, బతుకమ్మ చీరలు గుర్తొస్తాయి. మా వాడలో మాత్రం ఏ ఇంటి అరుగు మీద చూసినా బీడీల చాటలే. మగవాళ్లు గల్ఫ్‌లో ఉంటారు, ఆడవాళ్లు చాట ముందు కూర్చుంటారు. మా ఇల్లు కూడా అంతే. బాపు మస్కట్‌లో ఉంటడు. అమ్మ ఇరవై రెండేళ్ల నుంచి బీడీలు చుడుతుంది. అక్క చదువుకి, నా స్కూలు ఫీజులకి సగం పైసలు మస్కట్ నుంచి వస్తే, సగం ఆ చాటలోంచి వచ్చినయి.

బీడీ ఎలా తయారవుతుందో తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. తునికాకుని నీళ్లతో తడిపి మెత్తబడనివ్వాలి. రేకు కొలత పెట్టి కత్తెరతో ముక్కలు కత్తిరించాలి. ముక్కలో తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, మూతి మడవాలి. అది ఒక బీడీ. అట్లాంటివి వెయ్యి చుడితే ఒక లెక్క. పొద్దున వంట చేసి బాసింపట్టు వేసుకుని కూర్చుంటే, మధ్యలో అన్నానికి తప్ప అమ్మ సాయంత్రం దాకా లేవదు. ఇరవై రెండేళ్లు అలా కూర్చుంటే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

అమ్మ ఎత్తు 152 సెంటీమీటర్లు. పోయిన ఏప్రిల్‌లో బరువు 96 కిలోలు. బీఎంఐ లెక్క వేస్తే 41 దాటింది. ఎనిమిదేళ్లుగా షుగర్. మోకాళ్లు నొప్పి. రాత్రి గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేచేది. వాకింగ్, రొట్టెలు, చేదు కషాయాలు అన్నీ అయిపోయాయి. చివరికి హైదరాబాద్‌లో డాక్టర్ బేరియాట్రిక్ సర్జరీ చెప్పారు. మన దేశంలో ఇన్సూరెన్స్ వాళ్లు దీనికి ఒప్పుకోవాలంటే బీఎంఐ 40 దాటాలి, లేదంటే 35 దాటి అదుపులో లేని షుగర్ లాంటి పెద్ద జబ్బు ఉండాలి. అమ్మ ఎటు చూసినా పాసైంది. అక్క సాఫ్ట్‌వేర్ కంపెనీ ఇన్సూరెన్స్‌లో అమ్మ పేరు ఉంది కాబట్టి పని జరిగింది.

జూన్‌లో, నా ఫస్టియర్ సెలవుల్లో ఆపరేషన్ అయింది. దాన్ని స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ అంటారు. జీర్ణాశయంలో దాదాపు ముప్పావు వంతు, ఇంకా కొంచెం ఎక్కువే, కోసి తీసేస్తారు. మిగిలింది అరటిపండంత సన్నటి గొట్టం. మొదటి రెండు వారాలు నీళ్లలాంటివే తాగాలి, అదీ గుక్క గుక్కగా. తర్వాత మెత్తగా మెదిపినవి. మామూలు తిండికి రావడానికి నెలన్నర, రెండు నెలలు పడుతుంది.

ఊర్లో మాత్రం మేం ఈ పేరే ఎత్తలేదు. "పిత్తాశయంల రాళ్లున్నయంట, తీసిన్రు" అని చెప్పినం. అది అమ్మ షరతు. "తిని తిని బలిసి, పైసలు వెట్టి కడుపు కోయించుకున్నదంటరు. నాకొద్దా మాటలు" అన్నది. మేం కూడా ఇదేం పెద్ద అబద్ధం అనుకున్నాం.

ఆపరేషన్ అయిన ఐదో రోజు ఇంటికొచ్చాం. సాయంత్రం అమ్మ మంచం మీద పడుకుని ఉంది. ఉన్నట్టుండి "అరేయ్, పక్కింట్ల అల్లమెల్లిగడ్డ మాడుతుంది, పొయ్యి బంద్ చేయమని చెప్పిరాపో" అన్నది. నాకేం వాసన రాలేదు. అయినా పోయి చూశా. పెద్దమ్మ వాకిట్లో ఎవరితోనో ముచ్చట పెడుతోంది. లోపల పొయ్యి మీద గిన్నె అడుగంటుతోంది. ఇద్దరం నవ్వుకున్నాం. నేను అక్కకి ఫోన్ చేసి "అమ్మకి సూపర్ పవర్ వచ్చిందే" అని కూడా చెప్పినా.

ఆ నవ్వు వారం కూడా నిలవలేదు. పోపు వేస్తే అమ్మ వాకిట్లోకి పోయి కూర్చునేది. కోడిగుడ్డు ఉడకబెట్టిన గిన్నెని మూడుసార్లు తోమినా పక్కన పెట్టేసేది. ఫ్రిజ్ తలుపు తీస్తే ముఖం తిప్పుకునేది. డాక్టర్లు రోజూ తాగాలని చెప్పిన ప్రోటీన్ పౌడర్‌ని నీళ్లలో కలిపి ఇస్తే, గ్లాసు మూతి దాకా తెచ్చి ఆగిపోయేది. నాలుక కూడా మారింది. పాలలో చక్కెర వేయకపోయినా "ఎందుకింత తియ్యగ జేసినవ్?" అనేది. పప్పులో ఉప్పు నాకు సరిపోతే ఆమెకు ఎక్కువైతుండె.

ఇల్లంతా ఆమె చేసి పెడితే తిన్నవాళ్లం మేం. ఇప్పుడు నేను చేసిన దానికి వంక పెడుతుంటే నాకు కోపం వచ్చేది. ఒకరోజు పౌడర్ గ్లాసు మళ్లీ పక్కన పెడితే, "అమ్మా, ఓవర్ చేయకు. నాకు రాని వాసన నీకెట్లొస్తది?" అని గట్టిగా అన్నా. అమ్మ ఏమీ అనలేదు. గ్లాసు తీసుకుని సగం తాగింది. ఐదు నిమిషాల్లో పెరట్లో కక్కుకుంది. నేను వీపు రాస్తూ నిలబడ్డా. సారీ చెప్పడానికి కూడా నోరు రాలేదు.

ఇంతలో వాడలో ఇంకో కథ మొదలైంది. వాసన పడకపోవడం, పోపు వేస్తే బయటికి ఉరకడం, వాంతులు. మన దగ్గర ఈ మూడూ కలిస్తే ఒకటే అర్థం. వేవిళ్లు! బాపు అంతకుముందు మార్చిలోనే సెలవు మీద వచ్చి పోయాడు. ఒక చిన్నమ్మ నవ్వుతూ అడగనే అడిగింది, "ఏందక్కా, నీళ్లు వోసుకున్నవా ఏంది?" అని. నలభై ఐదేళ్ల అమ్మ నా ముందర తల దించుకుంది. రాళ్ల ఆపరేషన్ అని చెప్పిన మాట మా మెడకే చుట్టుకుంది. రాళ్లు తీస్తే వాసనలు ఎందుకు పడవు? మా దగ్గర జవాబు లేదు.

కంప్యూటర్ సైన్స్ స్టూడెంట్‌ని కదా, నాకు వచ్చిన పని వెతకడం. రాత్రులు కూర్చుని చదివా. చదివినకొద్దీ సిగ్గేసింది, ఎందుకంటే ఇది అమ్మ ఒక్కదాని నఖరా కాదు. ఇంగ్లాండ్‌లోని లీస్టర్‌లో డాక్టర్లు గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించుకున్న 103 మందిని ప్రశ్నలడిగి 2014లో అచ్చువేశారు. ఆకలి మారిందని 97 శాతం, రుచి మారిందని 73 శాతం, వాసన మారిందని 42 శాతం చెప్పారు. ఫలానా తిండి చూస్తేనే పడట్లేదు అన్నవాళ్లు కూడా 73 శాతం. ఇంకా వెనక్కి పోతే, 1995లోనే అమెరికాలో ఒక చిన్న పరీక్ష చేశారు. ఇట్లాంటి ఆపరేషన్ తర్వాత, అంతకుముందు కన్నా తక్కువ చక్కెర కలిపిన నీళ్లని కూడా రోగులు తీపి అని గుర్తుపట్టారు. అమ్మ పాలు తియ్యగున్నాయి అన్నది అబద్ధం కాదన్నమాట.

ఎందుకు ఇలా అవుతుంది? దీనికి ఒక్క జవాబు లేదు. జీర్ణాశయం పై భాగం నుంచి గ్రెలిన్ అనే హార్మోన్ వస్తుంది. జపాన్ శాస్త్రవేత్తలు దీన్ని 1999లో కనిపెట్టారు. ఆకలి పుట్టించేది ఇదే. స్లీవ్‌లో కోసి తీసేది ఎక్కువగా ఆ భాగాన్నే. అందుకే ఆకలి పడిపోతుంది. కానీ 2011లో ఒక ప్రయోగంలో గ్రెలిన్ ఇస్తే ఎలుకలూ మనుషులూ వాసనల్ని ఇంకా గట్టిగా పీల్చారు. ఆ లెక్కన గ్రెలిన్ తగ్గితే ముక్కు మొద్దుబారాలి. అమ్మకు రివర్స్‌లో అయింది. 2016లో టర్కీ డాక్టర్లు స్లీవ్ చేయించుకున్నవాళ్ల ముక్కుల్ని ఆపరేషన్‌కి ముందూ తర్వాతా పరీక్షించి, వాసన పట్టే శక్తి పెరిగిందని రాశారు. బైపాస్ మీద పరీక్ష చేసిన ఇంకొందరికి ఏ తేడా కనిపించలేదు.

ఇంకో కారణం నాకు బాగా అర్థమైంది. 1955లో గార్సియా అనే శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు ఎలుకలకు తియ్యటి నీళ్లు తాగిస్తూ రేడియేషన్ ఇచ్చారు. ఒంట్లో బాగాలేకపోయేసరికి ఎలుకలు ఆ తీపినే వదిలేశాయి. తిన్నది పడక కడుపులో తిప్పితే, ఆ రుచినీ వాసననీ మెదడు శత్రువుగా రాసి పెట్టుకుంటుంది. ఒక్కసారి చాలు. మన మెషీన్ లెర్నింగ్ ల్యాబ్‌లో వేల సాంపిల్స్ ఇచ్చినా నేర్చుకోని మోడల్స్ చూశాం కదా. కడుపు మాత్రం ఒక్క సాంపిల్‌తో నేర్చుకుంటుంది. కొత్తగా కుట్టిన చిన్న కడుపుకి ఒక గుక్క ఎక్కువైనా వాంతే. ఆ గుక్కలో ఏది ఉంటే దాని పేరు లిస్టులోకి ఎక్కుతుంది.

ఇవన్నీ తెలిసినా, అసలు కష్టం జూలై చివర్లో వచ్చింది. నెలన్నర రెస్ట్ అయిపోయింది. అమ్మ మళ్లీ బీడీలకు కూర్చుంటానన్నది. కార్ఖానా నుంచి ఆకు, తంబాకు తెప్పించింది. చాట ముందు పెట్టుకుని తంబాకు సంచి మూతి విప్పింది. అంతే. ముక్కు మూసుకుని లేచి, పెరట్లోకి పోయేలోపే వాంతి చేసుకుంది.

అమ్మ ముఖంలో అంత భయం నేను ఆపరేషన్ రోజు కూడా చూడలేదు. మీరొకసారి ఆలోచించండి. ఇరవై రెండేళ్లు ఆ తంబాకు మధ్యలోనే బతికింది. మా దుప్పట్లకు, నా స్కూల్ బ్యాగుకు, అమ్మ చేతులకు అదే వాసన ఉండేదట. స్కూల్లో ఒకడు నా లంచ్ బాక్స్ తెరిచి "బీడీ వాసన" అంటే వాడితో కొట్లాడినా. ఎందుకంటే నాకు నిజంగానే ఆ వాసన తెలియదు. ఎప్పుడూ ఉండే వాసనని ముక్కు కొన్నాళ్లకు లెక్కలోంచి తీసేస్తుంది. అమ్మ నెలన్నర తంబాకుకు దూరంగా ఉండటం పెళ్లయ్యాక అదే మొదటిసారి. అలవాటు చెరిగిపోయింది, ముక్కు పదునెక్కింది. రెండూ ఒకేసారి అయినయి.

బీడీలు ఆగితే పైసలొక్కటే ఆగవు. పీఎఫ్ కార్డు ఉంటుంది. పని లేకపోతే కార్డు అట్లే పడి ఉంటుంది. రేపు పింఛన్ అడగాలన్నా బీడీ కార్మికురాలినని చూపించడానికి ఆ పీఎఫ్ లెక్కే ఆధారం. అంతకన్నా పెద్దది, ఆ అరుగు. పొద్దంతా నలుగురు ఆడవాళ్లు చాటలు పెట్టుకుని కూర్చుని ముచ్చట్లు చెప్పుకునే చోటు. అమ్మకు ఫేస్‌బుక్ లేదు, క్లబ్ లేదు. ఉన్నదల్లా ఆ అరుగే. ముక్కుకి గుడ్డ కట్టుకుని చూసింది. బామ్ రాసుకుని చూసింది. ఏదీ పనిచేయలేదు. ఇంట్లో తలుపేసుకుని టీవీ ముందు కూర్చోవడం మొదలుపెట్టింది.

ఆగస్టులో నేను కాలేజీకి వచ్చేశా. సెప్టెంబర్‌లో మూడు నెలల చెకప్. అక్కకి ఆ రోజు సెలవు దొరకలేదు. అమ్మ సిరిసిల్లలో బస్సెక్కి సిద్దిపేట మీదుగా జేబీఎస్‌లో దిగింది, నేను హాస్టల్ నుంచి పోయి కలిశా. బరువు 79కి వచ్చింది. షుగర్ మాత్రలు తగ్గించారు. అంతా బాగుంది గానీ జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలుతోంది. ఇంత వేగంగా బరువు తగ్గితే మూడు, నాలుగు నెలలప్పుడు జుట్టు రాలడం మామూలేనట. ప్రోటీన్ తగ్గితే ఇంకా రాలుతుందట. డైటీషియన్ మేడమ్ అడిగారు, పౌడర్ తాగుతున్నారా అని. ఆమెకు తెలుగు రాదు. అమ్మకు వచ్చిన హిందీ బస్సులో టికెట్ వరకే. మధ్యలో నేను.

అమ్మ చెప్పడం మొదలుపెట్టింది. "పౌడర్ నీసు వాసనొస్తది మేడమ్. పప్పు నీళ్లు తాగుదామంటే పచ్చి వాసన. కూర మంచిగనే ఉంటది గానీ నూనె కమురు వాసనొస్తది. ఇగ బియ్యం ముక్కిన వాసన, మా పిలగాడు నమ్మడు. పెరుగు పులిసిన వాసన. మజ్జిగ పల్చగుంటే మాత్రం ఏమనిపించదు."

నేను ఇంగ్లిష్‌లోకి మార్చా. "పౌడర్ ఈజ్ బ్యాడ్ స్మెల్ మేడమ్. దాల్ ఆల్సో బ్యాడ్ స్మెల్. కర్రీ బ్యాడ్ స్మెల్, రైస్ ఆల్సో, కర్డ్ ఆల్సో."

మేడమ్ తలూపి ఒక లైన్ రాసుకున్నారు. సూచనలు సరిగ్గా పాటించడం లేదు అని. తర్వాత అమ్మ వైపు చూసి, కొంచెం మందలించినట్టే, ఏ వాసన వచ్చినా తాగాల్సిందే అన్నారు. ఆమెది తప్పనను. ఆమె చెవికి చేరింది అంతే మరి. లోపలికి ఐదు మాటలు పోతే బయటికి ఒకటే వచ్చింది. మన సబ్జెక్ట్‌లో దీన్ని లాసీ కంప్రెషన్ అంటారు. ఆ రోజు ఆ కంప్రెషన్ చేసింది నేనే.

అమ్మకు ఇంగ్లిష్ రాకపోయినా "బ్యాడ్ స్మెల్, బ్యాడ్ స్మెల్" అని మూడుసార్లు వినపడింది. బయట బెంచీ మీద కూర్చున్నాక అడిగింది. "అన్నిటికి ఒక్కటే మాట జెప్తివి. నీసుకు, కమురుకు ఇంగ్లిష్ల పేర్లు లేవా?"

ఉన్నాయేమో. నాకు రావు. అసలు నిజం ఏంటంటే, తెలుగులో కూడా నాకు సరిగ్గా తెలియదు. నాకు తెలిసినవి రెండే, మంచి వాసన, కంపు. వాసన గ్రాహకాల జన్యువుల్ని కనిపెట్టినందుకు రిచర్డ్ యాక్సెల్, లిండా బక్ అనే ఇద్దరికి 2004లో నోబెల్ ఇచ్చారు. మనిషి ముక్కులో దాదాపు 400 రకాల గ్రాహకాలు పనిచేస్తాయి. అన్ని పెట్టుకుని నా దగ్గరున్నది రెండు మాటలు.

ఆ బెంచీ మీదే ఫోన్‌లో నోట్స్ ఓపెన్ చేసి అమ్మను అడిగి రాసుకున్నా. నీసు అంటే గుడ్డు, చేప, పచ్చి మాంసం దగ్గర వచ్చేది. పచ్చి వాసన అంటే సరిగ్గా ఉడకనిది, వేగనిది. కమురు అంటే నూనెగానీ వెంట్రుకగానీ కాలితే వచ్చేది. మాడు వాసన వేరట, అది అడుగంటిన అన్నానిది. ముక్కిన వాసన చాలా రోజులు మూసి పెట్టిన బియ్యానిది, పిండిది. పులిసినది పిండికైతే మంచిదే, పెరుగుకైతే కాదు. పాచి వాసన రాత్రి మిగిలినదానిది. గబ్బు అంటే అన్నిటికన్నా అధ్వానం. వెగటు అనేది వాసనా కాదు, రుచీ కాదు, రెండూ ఎక్కువైనప్పుడు గొంతులో కలిగేది. అమ్మ చదివింది ఏడో తరగతి. ఒక్కోదానికి ఉదాహరణ చెప్తుంటే ల్యాబ్‌లో సార్ వైవా చెప్పినట్టే ఉంది.

మళ్లీ లోపలికి పోయాం. ఈసారి నేను వాసన పేరు చెప్పలేదు, ఉదాహరణే చెప్పా. పౌడర్‌లో పచ్చి గుడ్డు లాంటి వాసన వస్తోంది, పప్పు సరిగ్గా ఉడకనట్టు అనిపిస్తోంది, నూనె కాలిన వాసన వస్తోంది, పల్చటి మజ్జిగ మాత్రం పడుతోంది అని. మేడమ్ పెన్ను పక్కన పెట్టి విన్నారు. నీసు అంటున్నది పాల నుంచి తీసిన ప్రోటీన్‌ని అయి ఉంటుంది, సోయాతో చేసింది వాడి చూడండి, వేడిగా కాకుండా చల్లగా కలపండి అన్నారు. వేడి మీద వాసన ఎక్కువ లేస్తుందట, అందుకే వంటలు కూడా ఆరబెట్టి తినమన్నారు. పోపు లేకుండా బాగా ఉడికించిన పెసరకట్టు, మజ్జిగలో కలిపిన శనగపిండి అంబలి రాసిచ్చారు. జింక్, ఐరన్, బీ12 పరీక్షలు కూడా రాశారు, అవి తగ్గినా రుచి తేడా కొడుతుందని.

సోయా పౌడర్ నిలబడింది. ఒక్కరోజులో అద్భుతం జరగలేదు గానీ కక్కుకోవడం ఆగింది.

వచ్చేటప్పుడు జేబీఎస్‌లో అమ్మ అన్నది, "నువ్వు అర్థమయ్యేటట్టు జెప్తే ఆమె తిట్టలే సూడు. మన వాడోళ్లకు గూడ సక్కగ జెప్తే అయిపోవు." ఆ మాట అమ్మే అన్నది, నేను కాదు. ఆదివారం అరుగు మీదికి పోయి, రాళ్లు కావు, బరువుకి ఆపరేషన్ చేయించుకున్నా అని చెప్పేసింది. నేను అక్కడ లేను, ఫోన్‌లో విన్నదే రాస్తున్నా. కాసేపు ఎవరూ మాట్లాడలేదట. తర్వాత పక్కింటి పెద్దమ్మ, "ఓసి నీ పాడుగాను, గీ మాటకు మూడు నెలలు తలుపేసుకున్నవా?" అన్నదట. వెనక నవ్వినోళ్లు ఉన్నారు. ఆపరేషన్‌కి ఎన్ని పైసలైనయని అడిగినోళ్లూ ఉన్నారు. మోకాళ్ల నొప్పులున్న ఒక చిన్నమ్మ మాత్రం రాత్రి విడిగా వచ్చి డాక్టర్ వివరాలు రాసుకుని పోయిందట. వేవిళ్లని అడిగిన చిన్నమ్మే ఆమె!

పని సంగతి కూడా అరుగే తేల్చింది. అమ్మకు తంబాకు పడదు గానీ తడిపిన తునికాకు వాసన ఇబ్బంది లేదు. ఇంకా ఇష్టమే. వాన పడి తెరిపిచ్చినప్పుడు అడవి అట్లనే వాసనొస్తదట. అందుకే అమ్మ ఇప్పుడు అరుగుకి ఆ చివర, గాలి వచ్చే వైపు కూర్చుని అందరి ఆకులూ కత్తిరిస్తుంది. వాళ్లు అమ్మ కార్డుకి రావాల్సిన బీడీలు చుట్టి ఇస్తరు. మునుపటి అంత సంపాదన లేదు. కార్డు మాత్రం బతికే ఉంది.

దసరాకి ఇంటికి పోయా. బ్యాగు దించకముందే గడప దగ్గర అమ్మ ఆగిపోయింది. నన్ను చూసి నవ్వింది, దగ్గరికొచ్చింది, ఆగింది. జేబీఎస్‌లో బస్సెక్కే ముందు టీ కొట్టు దగ్గర ఒక సిగరెట్ తాగా. రెండు చూయింగ్ గమ్‌లు నమిలా. మధ్యలో మూడు గంటల బస్సు ప్రయాణం. అయినా.

"ఇది బీడీ తంబాకు గాదు. సిగరెట్టు," అన్నది.

నేను ఫ్రెండ్స్ పక్కన నిల్చున్నా అని ఏదో అన్నా. అమ్మ అరవలేదు. "నేను ఇరవై రెండేండ్లు చుట్టిన. ఎవని కొడుకు తాగిండో నాకెర్క లేదు. నా కొడుకు తాగుడేందిరా?" అన్నది. ఇంట్లోకి పోయి నీళ్లు తెచ్చిచ్చింది. ఆ రోజు మళ్లీ ఆ మాట ఎత్తలేదు. మానేశా అని ఇక్కడ రాసుకోవాలని ఉంది. చాలా తగ్గించా అని మాత్రం నిజంగా రాయగలను. హాస్టల్లో అందరం చేసే పనే అని నాకు నేను చెప్పుకునేది ఇప్పుడు అంత ఈజీగా రావట్లేదు.

సద్దుల బతుకమ్మ రోజు పెద్దమ్మ వాళ్ల చెట్టు సీతాఫలాలు వచ్చాయి. అమ్మ ఒక పండు విప్పి రెండే రెండు గింజల గుజ్జు నోట్లో వేసుకుంది. మునుపు నాలుగు పండ్లు కూర్చున్నచోటే తినేది. ఇప్పుడు ఆ రెండు గింజలకే పది నిమిషాలు. కళ్లు మూసుకుని చప్పరిస్తూ, "ముందుగాల తీపి, తర్వాత వెన్న లెక్క, ఆఖరికి కొంచెం వగరు. ఇన్నేండ్లు ఇవన్ని యాడున్నయిరా?" అన్నది. నేను కూడా రెండు గింజలు నోట్లో వేసుకుని కళ్లు మూసుకున్నా. తీపి ఒక్కటే తెలిసింది. ఈసారి మాత్రం నాకు రానిది నీకెట్లొస్తది అని అనలేదు.

ఈ రాత పూర్తయ్యాక అమ్మకు వాట్సాప్‌లో పంపా. నేను ఇప్పటిదాకా రాసిన రికార్డులు, అసైన్‌మెంట్లు ఏవీ ఆమె చదవలేదు, అన్నీ ఇంగ్లిష్ కాబట్టి. ఇది చదివింది. రెండు అక్షర దోషాలు దిద్దింది. సిగరెట్ ముచ్చట తీసేయమంటుందేమో అనుకున్నా, అనలేదు.

నా నోట్స్‌లో ఆ వాసనల టేబుల్ ఇంకా ఉంది. ఇప్పుడు పదహారు వరుసలు. ఎడమవైపు వస్తువు, కుడివైపు వాసన పేరు. తంబాకు పక్కన మాత్రం ఖాళీ ఉంది. నేను "ఘాటు" అని రాస్తే అమ్మ ఒప్పుకోలేదు. ఘాటు మిరపకాయది, ముక్కు దాకే వస్తది, ఇది వేరే అన్నది. మరి దీన్నేమంటారమ్మా అంటే వాయిస్ మెసేజ్ పెట్టింది: "దానికి పేరు లేదు బిడ్డా. ఇన్నేండ్లు ఆ వాసనే రాకపాయె, పేరెట్ల వెడ్తం?"

కోరుట్ల, జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి వచ్చినవాళ్లు మన కాలేజీలో చాలామంది ఉన్నారు. మీ ఇళ్లలో కూడా చాటలు ఉండి ఉంటాయి. మీ అమ్మవాళ్లను అడగండి. ఆ వాసనకి మీ ఊర్లో ఏదైనా పేరుంటే క్లబ్ మెయిల్‌కి పంపండి. టేబుల్‌లో ఆ గడి నింపాలి.